ఛాతీ వైపు చిల్లు

వీపు మీద చిల్లు ఉందంటే ఆ మనిషి పారిపోతూ ఉండాలి, లేదా మేకులు లేచిన గోడకి చేరగిలబడి ఉండాలి. మోచేతి దగ్గరయితే బల్ల మీద రాసుకునేవాడు, జేబు అడుగునయితే తాళాల గుత్తి, పొట్ట మీద చిన్నచిన్నవి నాలుగయిదు ఉంటే చుట్ట నిప్పురవ్వలు. చిల్లు చూసి మనిషిని చెప్పగలదు పైడితల్లి. బర్మాలో, యాంగోన్ నగరపు పబేడాన్ సందులో ఒక కొట్టు మెట్టు మీద కూర్చుని ముప్పై ఎనిమిదేళ్లుగా రఫూ చేస్తోంది. చిరిగిన గుడ్డ మడత లోపలి నుంచే పోగులు లాగి, పడుగూ పేకా మళ్లీ అల్లి, అక్కడ చిరుగన్నదే లేదనిపిస్తుంది. ఇప్పుడు ఊరి చివర ఇన్సేన్ దగ్గర పాత మిల్లు షెడ్డులో కూర్చుని, ఒక సినిమా దుస్తులకి అవే చేతులతో చిల్లులు పెడుతోంది.

సుద్దముక్కతో గుర్తు. కత్తెర మొనతో ఒక పొడుపు. గరుకు కాగితంతో నాలుగు రుద్దులు. వెలిగించిన అగరువత్తితో అంచు చుట్టూ చిన్న కాల్పు. అంతే, ఒక మనిషి అయిపోయాడు. ఆ గుడ్డను పక్కన పడేసి ఇంకొకటి అందుకుంటుంది. ఇక్కడి ఆడవాళ్లందరిలాగే చెంపలకి పూసుకున్న తనకా చెక్క గంధం చెమటకి చారలు కట్టింది. కళ్లజోడు కాడ విరిగితే తానే నల్లదారం చుట్టుకుంది. కుడి చూపుడువేలి గోరు సూది తోసీ తోసీ నొక్కుకుపోయింది.

సినిమా ఆఫ్రికాలో ఒక రాజ్యం గురించి. ఆ పేరు ఆమెకు నోరు తిరగదు. తెల్లదొరలు ఫిరంగులతో వచ్చి, కోట పడగొట్టి, రాజుని బండెక్కించి తీసుకుపోతారు. బర్మా రాజునీ అలాగే తీసుకుపోయారు, ఈ దేశంలో ఎవరికీ అది కొత్త కథ కాదు. బయటి దేశపు కంపెనీ నల్లటి ఒళ్లు కావాలని అడిగితే, యాంగోన్‌లో అందరూ తెలుగువాళ్ల వీధుల వైపు చెయ్యి చూపించారు. ఆమె మరిది గోవిందుతో పాటు అరవై మంది లారీ ఎక్కి వచ్చారు.

భోజనాల వేళ గోవిందు ఎర్రకోటు గుండీలు విప్పుకుంటూ షెడ్డులోకి వచ్చాడు. పొద్దున అతను దొరల వెనక నడిచే మద్రాసు సిపాయి.

“వదినా, పొద్దున నాను తుపాకీ పేల్సినాను గదా. మజ్జాన్నం ఆ గుండు నాకే తగుల్తాదట. నన్ను నానే సంపుకోడం ఎక్కడైనా విన్నావేటి?”

“మీ ఇంటోళ్ల తెలివి నాకు తెల్దేటి?”

“మళ్లీ ఒళ్లంతా మసి పులుముతారట! మాయమ్మ కన్నప్పుడే సాలినంత పులిమీసింది, వీళ్లకది సాల్దంట.”

పైడితల్లి నవ్వింది. “ఇప్పుడు నీ వేసమేటి?”

“కోట తలుపు కాడ కాపలావోడు. అందరూ లగెత్తీస్తారు, నాను మాత్రం తలుపొదల్ను. కతలో అలాగే ఉందట.”

ఆమె చేతిలో కత్తెర ఆగింది. పక్కనున్న కాగితం తీసి చూసింది. ఒక్కొక్క వేషానికీ మనిషి బొమ్మ ముందూ వెనకా గీసి, గుండు తగిలిన చోట అడ్డగీతలు పెట్టారు. నలభై ఒకటో బొమ్మ తలుపు కాపలావాడిది. గీతలు వీపు మీద ఉన్నాయి. ఆ వేషపు నీలం వస్త్రానికి పొద్దున్నే, ఎవరిదని అడక్కుండానే, వీపున చిల్లు పెట్టేసింది.

తలుపు వదలనివాడికి వీపులో గుండు ఎలా తగులుతుంది? చూసేవాళ్లు ఏమనుకుంటారు? పారిపోతుంటే తగిలిందనుకుంటారు. ఆమె భర్త సూరి గురించి కూడా వీధిలో అదే మాట అన్నారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఎవరూ ఆ మాట మార్చలేదు.

దుస్తులు చూసే మ సాండా దగ్గరికి కాగితం పట్టుకుని వెళ్లింది. ముప్పై దాటని పిల్ల, మర్యాద తెలిసినది. ఇద్దరూ బర్మాభాషలో మాట్లాడుకున్నారు; ఆ భాషలో చిన్నదాని పేరుకి ముందు ‘మ’ అంటారు, పెద్దావిడ పేరుకి ముందు ‘డొ’.

“కెమెరాతో పైనుంచి తీస్తారు, డొ పైడి. అందరూ బోర్లా పడతారు. ఛాతీ ఎవరికి కనపడుతుంది?”

“వీడు పారిపోలేదు కదమ్మా.”

“సినిమా చూసేవాళ్లు అంత చూడరు.”

“నేను చూస్తాను.”

మ సాండా నవ్వి, నలుగురు పిలుస్తుంటే వెళ్లిపోయింది. పైడితల్లి తన చోటికి వచ్చి, టిఫిన్ క్యారియర్ పక్కకి జరిపి, నీలం వస్త్రాన్ని ఒళ్లో పరిచింది. అంచు మడత విప్పి పోగులు లాగింది. కాలిన చోటు కత్తిరించింది. పోగు మీంచి ఒకటి, కింది నుంచి ఒకటి. ఆకలి తెలియలేదు. చుట్టూ మనుషులు తింటున్నారు, పోట్లాడుకుంటున్నారు, ఎవడో పోయిన టోపీ కోసం వెతుకుతున్నాడు. గంట గడిచేసరికి వీపున చిల్లు లేదు. వస్త్రం తిప్పి, ఎడమవైపు ఛాతీ దగ్గర సుద్దగుర్తు పెట్టింది. కత్తెర మొన దాని మీద ఆనించింది. దించింది.

గోవిందుకి ఆ వస్త్రం తానే చుట్టబెట్టింది.

“ఎల్లకిలా పడాల.”

“బోర్లా పడమన్నారు వదినా. ఎల్లకిలా పడితే నడుం ఇరిగిపోద్ది.”

“బోర్లా పడితే నీకు సిల్లే లేదు. సావనట్టే.”

గోవిందు వేలితో ఛాతీ మీది చిల్లు తడిమాడు. తర్వాత ఆమె ముఖంలోకి చూశాడు. “అన్న గురించేనా?”

ఆమె అతని భుజం మీద ముడి బిగించింది.

“సరేలే,” అన్నాడు మెల్లగా. “ఇరిగితే ఇరిగింది.”

ఫిరంగి పేలింది. పొగ లేచింది. జనం పరిగెత్తి, ఒకరి మీద ఒకరు బోర్లా పడ్డారు. పొగ తేలిపోయాక ఆ వీపులన్నిటి మధ్యా ఒక్క ముఖం కనిపించింది. తెరిచిన తలుపుకి అడ్డంగా, ఆకాశం కేసి కళ్లు తెరుచుకుని, తెల్లమీసంతో గోవిందు. ఎవరో మైకులో అరిచారు. మ సాండా పరుగున వచ్చి అతన్ని లేపి, వెనక్కి తిప్పి, పొద్దున తాను కళ్లారా చూసిన చిల్లు కోసం వీపంతా వేళ్లతో వెతికింది. దొరకలేదు.

దర్శకుడు తీసినదాన్ని తెర మీద మళ్లీ చూసుకుని, చెయ్యి ఊపాడు. ఇంకో షాటుకి సామాన్లు కదిలాయి. ఆ ముక్క ఉంచుతారో తీసేస్తారో ఎవరూ చెప్పలేదు.

“రేపటి నుంచి వేరే మనిషిని చూడమన్నారు, డొ పైడి,” అంది మ సాండా, నేల చూస్తూ.

“చూడమ్మా.” కత్తెర, సూదుల డబ్బా సంచిలో వేసుకుంది. అగరువత్తి ఆర్పి, మిగిలిన ముక్క అక్కడే వదిలేసింది.

రైల్లో కూర్చున్నంతసేపూ ఆమె చేతులు ఒళ్లో ఊరికే ఉన్నాయి. వాటినే చూసుకుంది. పబేడాన్‌లో మూడో అంతస్తు గది చేరేసరికి కిటికీలో ఇంకా ఎండ ఉంది. రేకుపెట్టె అడుగు నుంచి తెల్లచొక్కా తీసింది.

ఎనభై ఎనిమిదిలో, జనం సైనిక ప్రభుత్వం మీద వీధుల్లోకి వచ్చిన రోజుల్లో, సూరి దుకాణం నుంచి ఇంటికి వస్తూ సైనికుల తూటాకి పడిపోయాడు. మిగతా అందరూ సందుల్లోకి పరిగెత్తారు. అతనెందుకు నిలబడిపోయాడో ఆమెకి తెలియదు. ధైర్యం కావచ్చు, భయంతో కాళ్లు కదలకపోయి ఉండవచ్చు. ముఖం మాత్రం తుపాకుల వైపే ఉంది. దహనమయ్యాక చొక్కా ఆమె చేతికి వచ్చింది. పోయినవాళ్ల బట్ట ఇంట్లో ఉంచకూడదని అత్త అంటున్నా వినకుండా ఉతికింది, ఆరేసింది, సూది పట్టుకుని కూర్చుంది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పదో రోజున ఒక కుర్రవాడు పుస్తకం పట్టుకుని వచ్చాడు. ఎవరికెక్కడ తగిలిందో రాసుకుంటున్నామన్నాడు. పారిపోతుంటే తగిలిందంటున్నారు, చొక్కా ఉంటే చూపించమన్నాడు. వెలుతురులో ముందూ వెనకా తిప్పితిప్పి చూశాడు, ఎక్కడా చిల్లు కనిపించలేదు. “మీ చెయ్యి చాలా మంచిదక్కా,” అని పుస్తకం మూసి వెళ్లిపోయాడు.

తాను అల్లినది పైడితల్లి ఎప్పుడూ విప్పలేదు. కళ్లకి కనపడనిదాన్ని వేలి కొనతో వెతికింది. జేబు పైన, గోరు నొక్కుకున్న ఆ వేలికి తెలిసింది. సూదిమొన దూర్చి ఒక పోగు లాగింది. అది రానన్నట్టు మొరాయించి, వచ్చింది. తర్వాత రెండోది. ఎండ గోడ మీదికి పాకేలోగా పోగులన్నీ ఆమె ఒళ్లో పడ్డాయి. లేచి, చొక్కాని కిటికీ ఊచకి తగిలించింది.

ఎడమ జేబుకి వేలెడు పైన, పావురం కన్నంత చిల్లు; అందులోంచి సాయంకాలపు వెలుగు.