ముప్పై ఆరు మీటర్ల చారలు

సిలార్ అనే లారీ డ్రైవర్ని జైలుకి పంపాలని నేను పదమూడు నెలలు బతికాను. మిగిలినవన్నీ పైపై పనులే. బ్రాడీపేటలో ఒక స్కూల్లో పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను. ఆదివారాలు చర్చిలో, శత్రువుల్ని క్షమించే ప్రార్థన వచ్చినప్పుడు అందరితో పాటు పెదవులు కదిపాను. కళ్లు మూసుకుంటే మాత్రం అతని చేతులకి బేడీలే కనిపించేవి. ఆ బేడీలు చూసుకుంటే గాని నాకు నిద్ర పట్టేది కాదు.

1985 ఫిబ్రవరిలో, చిలకలూరిపేట అవతల మా ఊరి మొదట్లో, పత్తి బేళ్లతో వస్తున్న అతని లారీ మా నాన్న జక్రయ్యను గుద్దింది. కబురు తెలిసి నేను గుంటూరు నుంచి వెళ్లేసరికి మధ్యాహ్నం మూడయింది. నాన్నని అప్పటికే ఆస్పత్రికి తీసుకెళ్లిపోయారు. దారిలోనే పోయాడట. రోడ్డు మీద టైర్ల చారలు రెండు మిగిలాయి. నల్లగా, పొడుగ్గా, మధ్యమధ్య ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు నాన్న రక్తమనుకున్నాను.

కూలబడి ఏడ్చే మనిషిని కాను. రోడ్డు పక్క బడ్డీకొట్లో కొబ్బరి తాడు అడిగి తెచ్చి, చార మొదటి నుంచి చివరిదాకా మోకాళ్ల మీద పాకుతూ కొలిచాను. కళ్లు భగ్గున మండి ధారగా కారాయి. దుఃఖమనుకున్నాను. ఆ తాడుని స్కూలుకి తీసుకెళ్లి మీటరు బద్దతో చూస్తే ముప్పై ఆరు మీటర్లు వచ్చింది.

చక్రాలు బిగిసిపోయి బండి జారితే, ఎంత దూరం జారిందో చూసి ఎంత వేగంతో వచ్చిందో చెప్పొచ్చు. రోడ్డు టైరుని ఎంత గట్టిగా పట్టుకుంటుందో ఒక్క అంకె తెలిస్తే చాలు. పొడిగా ఉన్న తారు రోడ్డుకి పుస్తకంలో సున్నా పాయింటు ఏడు అని ఉంది. లెక్క కట్టాను. గంటకి ఎనభై కిలోమీటర్లు! ఊరి మొదట్లో, పట్టపగలు! వేగం రెండింతలైతే బండి జారే దూరం నాలుగింతలవుతుంది. నలభైలో వచ్చి ఉంటే బ్రేకు పడ్డాక తొమ్మిది మీటర్లలో ఆగేవాడు. నాన్న ఇంకా ఇరవై ఏడు మీటర్ల దూరంలో నిలబడి, ఆగిన లారీ వంక చూస్తూ తలపాగా సర్దుకునేవాడు. ఆ ఇరవై ఏడు మీటర్లకి నేను సిలార్‌ని ఎన్ని శాపాలు పెట్టానో దేవుడికి తెలుసు.

వాడు పోలీసులతో చెప్పింది వేరు. "నలభై దాటలేదండీ. రోడ్డు మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. బ్రేకు పట్టింది గానీ కాయల మీద బండి జారిపోయింది," అన్నాడు.

కాయలు కోసే రోజుల్లో మా ఊళ్లో సగం రోడ్డు కల్లమే అవుతుంది, నిజమే. కానీ ఆ జనవరిలో, రోడ్డు మీద కాయలు పోస్తే కేసు పెడతామని దండోరా వేయించారు. ఊరి పెద్ద బుల్లయ్య పోలీసుల ముందు చేతులు తిప్పి, "కాయలా? ఎక్కడివండీ? జక్రయ్య రోడ్డు దాటుతున్నాడంతే," అన్నాడు. అమ్మని అడిగాను. "మన కాయలు కల్లంలోనే ఉన్నాయమ్మా," అంది అమ్మ, నా వంక చూడకుండా. చంపిందీ కాక అబద్ధం కూడానా అని నాకు ఒళ్లు మండిపోయింది.

మరుసటి ఏడాది మార్చిలో కేసు విచారణకి వచ్చింది. ఎనభై అని నా లెక్క చెప్పడానికి సాక్షిగా బోనెక్కాను. సిలార్ తరఫు లాయరు శేషాచలం గారు నన్ను బోనులో చూసి నవ్వారు.

"లారీ బరువెంతో తెలుసా అమ్మా మీకు?"

"అక్కర్లేదండీ. బరువు ఎక్కువైతే ఆపడం కష్టం, నిజమే. కానీ ఆ బరువే టైరుని రోడ్డుకి అంత గట్టిగా అదుముతుంది. దానికీ దీనికీ సరి."

ఆయన నవ్వు ఆగింది. "మరి ఆ పాయింటు ఏడు సంగతేంటి? పుస్తకంలోదేగా! మీ ఊరి రోడ్డు మీద కొలిచారా?"

కొలవలేదు. జడ్జి గారు వారం గడువిచ్చారు. ఇంకేం కావాలి! స్కూల్లో స్ప్రింగు త్రాసు పట్టుకుని ఊరికి బయల్దేరాను.

పాత లారీ టైరు ముక్క ఒకటి సంపాదించి, దాని మీద రాయి కట్టి, మొత్తం సరిగ్గా పది కిలోలు చేశాను. నాన్న పడిన చోటే రోడ్డు మీద పెట్టి, త్రాసు తగిలించి లాగాను. జారుతున్నంతసేపూ ముల్లు ఏడు కిలోల దగ్గర నిలబడింది. పదికి ఏడు, పుస్తకంలో ఉన్నదే. మళ్లీ లాగాను. ఏడు. ఇంకోసారి లాగినా ఏడే. "అయిపోయావురా సిలార్," అని పైకే అన్నాను. అంత సంతోషం నాకు ఏడాదిగా లేదు.

ఆ ఉత్సాహంలో వెనక్కి నడుస్తూ లాగుతున్నాను. ఏడాది తిరిగేసరికి దండోరా ఎవరికీ గుర్తులేదు, బుల్లయ్య కాయలు రోడ్డు అంచున ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. టైరు వాటి మీదికి ఎక్కింది. చేతిలో పట్టు ఒక్కసారి వదులైంది. త్రాసు వంక చూస్తే ముల్లు రెండు దగ్గర ఉంది.

కళ్లు భగ్గున మండాయి. టైరు వెనక రోడ్డు మీద ఒక చార పడింది, నల్లగా, మధ్యమధ్య ఎర్రగా.

లారీ నాన్నని తగిలింది చారల చివర. ఎరుపు మాత్రం మొదటి అడుగు నుంచే ఉంది. ఫిజిక్స్ టీచర్ని, ఆ మాత్రం నాకు తట్టలేదు. అక్కడే కూర్చుని వేలితో దుమ్ములో లెక్క వేశాను. ఏడు తీసేసి రెండు పెడితే గంటకి నలభై మూడు కిలోమీటర్లు వచ్చింది.

ఇంటికెళ్లి త్రాసు అమ్మ ముందు పెట్టాను. అమ్మకి త్రాసు సంగతి తెలియదు, నా మొహం సంగతి తెలుసు.

"మన కాయలేనే," అంది. "మీ నాన్న వాటిని తిరగేస్తున్నాడు. పోలీసులొస్తే కేసు మన మీదికే తిరుగుతుందన్నాడు బుల్లయ్య. ఊరంతా చీపుళ్లు పట్టుకొచ్చి గోతాలకెత్తారు. ఆయన ఇంకా ఊపిరి తీస్తూనే ఉన్నాడు, రెబ్కా. నేను ఆయన పక్కన కూచోలేదు. కాయలెత్తాను."

నాకు అమ్మని కొట్టాలనిపించింది. ఉన్న మాట చెబుతున్నాను. కానీ పగకి ఒక మొహం ఉండాలి. పదమూడు నెలలుగా నా పగకి సిలార్ మొహం ఉంది. దాన్ని చెరిపేసి అక్కడ మా అమ్మ మొహం పెట్టుకోవడం నా వల్ల కాలేదు.

వారం తర్వాత బోనెక్కాను.

"మీ ఊరి రోడ్డు మీద కొలిచారా అమ్మా?" అని అడిగారు శేషాచలం గారు.

"కొలిచానండీ. పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది. ఏడు."

"ప్రమాదం రోజు మీరు వెళ్లేసరికి రోడ్డు మీద మిరపకాయలున్నాయా?"

"లేవండీ. ఒట్టి రోడ్డే."

ఒక్క ముక్క అబద్ధం లేదు. బైబిలు మీద చెయ్యి వేసి చెప్పిన మాటలే.

సిలార్ అటువైపు నుంచి చేతులు జోడించాడు. "మీరు చదువుకున్నోళ్లు. మీరన్నా చెప్పండమ్మా!" అన్నాడు. జడ్జి గారు బల్ల చరిచి కూర్చోమన్నారు. నేను చీర కుచ్చెళ్లు సర్దుకుని బోను దిగాను.

పది రోజులకి తీర్పు వచ్చింది. ఏడాదిన్నర జైలు. కానిస్టేబులు అతని చేతులకి బేడీలు వేశాడు. రోజూ పడుకునే ముందు నేను చూసుకున్న బేడీలు అవే. సిలార్ నన్ను తిట్టలేదు, అసలు నా వైపు చూడలేదు. నా కళ్లు మాత్రం ఆ రోడ్డు మీద మండినట్టే భగ్గున మండి, ధారగా కారాయి. ఆ కోర్టు హాల్లో మిరపకాయలు లేవు.