రెండో గుండీ

గుండీ దానంతట అది ఊడటం వేరు, లాగితే ఊడటం వేరు. ఈ ముక్క చెప్పడానికి విచారణ కమిటీ ముందు నిలబడవలసి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. అడగవలసిన రోజుల్లో నోరు మూసుకుని, నోరు మూసుకోవలసిన చోట వాగిన మనిషిని నేను. అందుకే మొదటినుంచీ చెబుతాను.

మా మిలిటరీ అకాడమీలో ఇరవై ఆరేళ్లుగా క్యాడెట్ల యూనిఫాంలు కుట్టేదీ, బాగుచేసేదీ నేనే. పెరేడ్ మైదానం వెనక, లాండ్రీకి ఆనుకుని ఒక గది. రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, కిటికీ పక్క గోడకి వరసగా పన్నెండు కొక్కేలు. ఎవరి చొక్కా అయినా చిరిగితే దానికో చీటీ గుచ్చి కొక్కేనికి తగిలించి పోతారు. చీటీ మీద క్యాడెట్ నంబరు, చేయవలసిన పని, అంతే. మర్నాటికి నేను బాగుచేసి అదే కొక్కేనికి తగిలిస్తాను. అసలు మాటలతో పనే లేదు. అయినా నేను ఊరుకునే రకం కాదు. మోకాళ్లు చింపుకున్నవాళ్లనీ, జేబుకి సిరా పూసుకున్నవాళ్లనీ ఆపి నాలుగు చీవాట్లు పెడితేగానీ నాకు తిన్నది అరగదు. అందుకే పిల్లలు నాకు సూది పిన్ని అని పేరు పెట్టారు. పైకి కసురుకున్నా, ఆ పేరంటే లోలోపల నాకు గర్వమే.

లాండ్రీలో ఇస్త్రీ చేసేది మా తమ్ముడు. మరదలు పోయాక నా దగ్గరే ఉంటున్నాడు. ఉత్త పిరికివాడు. ఆఫీసరు దగ్గితే వీడికి జ్వరం వస్తుంది.

నిరుడు వానలు వెనకబట్టాక ఆడపిల్లల చొక్కాలకి రెండో గుండీ ఊడటం మొదలైంది. పైనుంచి రెండోది. మొదటిది భద్రంగా ఉండేది, మూడోది భద్రంగా ఉండేది, రెండోదొక్కటే పోయేది. చీటీ మీద ఎప్పుడూ ఒకే మాట: గుండీ. నేను దారం అమ్మినవాణ్ణి తిట్టిపోశాను. బూట్లు కుట్టేవాళ్లు వాడే గట్టి దారం తెప్పించి, మైనం పట్టించి, ఆడపిల్లల చొక్కాలన్నిటికీ రెండో గుండీని నాలుగు చుట్లు తిప్పి బిగించాను. ఇక ఎలా ఊడుతుందో నేనూ చూస్తానని తమ్ముడితో పందెం కూడా కాశాను.

దారం తెగలేదు. గుండీతోపాటు గుడ్డ చిరిగి వచ్చింది. చిటికెన వేలు పట్టేంత కంత.

బుద్ధున్న మనిషైతే అక్కడ ఆగి ఆలోచించాలి. నేను ఆలోచించింది కంత ఎలా మూయాలా అని. లోపల గోరంత అతుకు వేసి, అంచు మడతలోంచి పోగులు లాగి, పైన నేతలో నేత కలిసిపోయేలా అల్లేదాన్ని. పైన ఎంత వెతికినా తెలియదు. అలా ఎన్ని మూశానో లెక్క పెట్టుకోలేదు. మూసిన ప్రతిసారీ తమ్ముడికి చూపించి మురిసిపోయాను.

నిచ్చెన అని ఒక పిల్ల ఉంది. తోటివాళ్లకంటే జానెడు పొడుగు, అందుకే ఆ పేరు. దాని చొక్కా మూడోసారి వచ్చినప్పుడు, తిరిగి తీసుకోవడానికి వచ్చినదాన్ని నలుగురి ముందు పట్టుకుని దులిపేశాను.

"ఏమే, నువ్వు గుండీలు పెట్టుకుంటున్నావా, వాటితో కుస్తీ పడుతున్నావా? ఆడపిల్లవి, కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవద్దూ?"

కొక్కేల దగ్గరున్నవాళ్లు నవ్వారు. తను నవ్వలేదు. "ఇకమీద జాగ్రత్తగా ఉంటాను పిన్నీ" అని చొక్కా మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.

ఈ మంగళవారం మధ్యాహ్నం నేను కొత్త బ్యాచ్ చొక్కాల పనిలో ఉన్నాను. వచ్చే సోమవారం నలభైమంది ఆడపిల్లలు కొత్తగా చేరుతున్నారు. నలభై చొక్కాలూ కుట్టడం అయిపోయింది, కాజాలు అయిపోయాయి, గుండీలే మిగిలాయి. నిచ్చెన వచ్చి తన చొక్కా నా ముందు పరిచింది.

"పిన్నీ, దీనికి మీరేం చేశారో గుర్తుందా?"

"ఎందుకుండదు? నా చేతి పని. కంత ఎక్కడుండేదో కనిపెట్టు చూద్దాం."

"వెతికారు పిన్నీ. నేనిచ్చిన ఫిర్యాదు మీద పొద్దున కమిటీవాళ్లు కిటికీ దగ్గర పెట్టి మరీ వెతికారు. చిరుగే లేదన్నారు."

అప్పుడు చెప్పింది. ప్రతి గురువారం పెరేడ్‌కి ముందు యూనిఫాం తనిఖీ ఉంటుంది. మగపిల్లలకి మైదానంలో, ఆడపిల్లలకి మైదానం పక్కనున్న స్టోరు గదిలో. మర్యాద కోసమని ఎప్పుడో ఎవరో పెట్టిన పద్ధతి. ఒక్కొక్కరినే పిలుస్తారు. తలుపు వేస్తారు. తనిఖీ చేసేది డ్రిల్ మాస్టారు. రెండో గుండీ సరిగ్గా పెట్టుకోలేదంటాడట. తనే సరిచేస్తానంటాడట. వెనక్కి జరిగితే చొక్కా గుప్పిట్లో పట్టుకుని లాగుతాడట. మిగతాది పిల్ల చెప్పలేదు, నేను అడగలేదు. చెప్పినంతసేపూ గోడకేసి చూస్తూ, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదేమే?"

"మీతో చెబుదామనే వచ్చాను పిన్నీ, ఆ రోజు. అప్పుడు అందరూ ఉన్నారు."

నాకు తల తీసేసినట్టయింది. నేను నవ్వించిన రోజు అది.

బుధవారం పదింటికి కమిటీ మళ్లీ కూర్చుంటుంది. రుజువు లేకపోతే ఫిర్యాదు అబద్ధమని రాసి, పిల్లని ఇంటికి పంపేస్తారు. వచ్చే వారం గురువారం కొత్త పిల్లలకి తనిఖీ అదే గదిలో, అదే మాస్టారి చేత.

"నన్ను పంపేసినా ఫరవాలేదు పిన్నీ. వాళ్లు ఆ గదిలోకి వెళ్లకూడదు. తనిఖీ అందరి ఎదుటా మైదానంలో పెట్టమనండి, చాలు" అంది.

పిల్ల వెళ్లగానే లాండ్రీలోకి పరిగెత్తాను. ఉతికిన చొక్కాలు అరల నిండా ఉన్నాయి. నా అతుకు నాకు తెలుసు, లోపలివైపు వేలు పెడితే చాలు. గంటలో తొమ్మిది చొక్కాలు దొరికాయి. తొమ్మిది కాలర్ల మీద తొమ్మిది నంబర్లు. మాసిన బట్టల బుట్ట మీద కూలబడ్డాను. తొమ్మిదిమంది చొక్కాలూ నేనే బాగుచేసి, నేనే వాళ్లని మళ్లీ ఆ గదికి పంపాను.

తొమ్మిదీ తీసుకెళ్లి కమిటీ బల్ల మీద పడేస్తే సరి అనుకున్నాను. గుమ్మం దాకా వెళ్లాను కూడా. పిల్ల చెప్పిందంతా పక్క గదిలోంచి విన్న తమ్ముడు అడ్డం వచ్చాడు.

"అక్కా, వాటి మీద నంబర్లున్నాయి. వాళ్లని అడిగావా?"

"అడిగేదేముందిరా? వాళ్ల మంచికేగా."

"వాడూ అడక్కుండానే కదక్కా చెయ్యేసింది."

పిరికివాడని చెప్పానే, ఆ పిరికివాడే అన్నాడు. చొక్కాలు ఒక్కొక్కటే మళ్లీ అరల్లో సర్దాను.

సాయంత్రం ఆటల వేళ అడగడానికి వెళ్లాను. మొదటి పిల్ల నేనేమంటున్నానో అర్థం కానట్టు బూటు తాడు కట్టుకుంటూ కూర్చుంది. రెండో పిల్ల "తాడు ఎక్కుతుంటే చిరిగింది పిన్నీ" అని, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసుకుంది. మూడోది కళ్లజోడు పిల్ల, నా భుజం దాకా కూడా రాదు. అది మాత్రం నన్ను పక్కకి తీసుకెళ్లి చెప్పింది.

"మా అమ్మాయి ఆఫీసరవుతుందని మా నాన్న వీధంతా చెప్పుకున్నాడు పిన్నీ. ఇది తెలిస్తే రేపే వచ్చి తీసుకుపోతాడు. నాకు వెళ్లాలని లేదు. మీరు చొక్కా బాగుచేసి ఇచ్చారు కదా, అది చాలు. చాలా థాంక్స్."

థాంక్స్ చెప్పింది నాకు. నాలుగోదాన్ని అడిగే ధైర్యం చాలక వెనక్కి వచ్చేశాను. ఆ రాత్రి కన్ను మూతపడలేదు.

కమిటీలో ముగ్గురు. మధ్యలో పెద్ద మేడమ్, అటూ ఇటూ ఇద్దరు ఆఫీసర్లు. డ్రిల్ మాస్టారు కిటికీ పక్కన కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. నిచ్చెన నిలబడి ఉంది. నేను చొక్కా బల్ల మీద పరిచి, సంచిలోంచి బ్లేడు తీశాను.

"మేడమ్, ఇది నేను మూసిన కంత. మీ కళ్ల ముందే విప్పుతాను."

ఒక్కో పోగూ కోసి, అతుకు ఊడదీసి, చొక్కా వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. కంతలోంచి మేడమ్ ముఖం కనిపించింది.

"దారం పాతబడితే గుండీ ఒక్కటే రాలుతుంది మేడమ్, గుడ్డ చిరగదు. తాళ్లెక్కితే మోచేతులు పోతాయి, పాకితే మోకాళ్లు పోతాయి. ఎవరో ఎదురుగా నిలబడి గుప్పిట్లో పట్టుకుని లాగితేనే ఇలా అవుతుంది."

డ్రిల్ మాస్టారు నెమ్మదిగా అన్నాడు. "పనిలో మీకు తిరుగులేదమ్మా. కానీ ఈ అమ్మాయికి ఒంటి మీద ధ్యాస లేదని నలుగురి ముందు అన్నది మీరే కదా? చీటీ మీద కూడా గుండీ అనే ఉంది. చిరుగు అని లేదు."

"అన్నాను. నా నోరు పడిపోను, అన్నాను. తెలియక అన్నాను."

"తెలియక ఇప్పుడు కూడా అంటున్నారేమో" అని చిన్నగా నవ్వాడు.

పెద్ద మేడమ్ నా వైపు తిరిగింది. "ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"ఎవరివి?"

నిచ్చెన నా వంక చూసింది. తొమ్మిది నంబర్లూ నాలుక చివరే ఉన్నాయి. ఒక్కటి చెబితే ఈ పిల్ల మాట నిలబడుతుంది. కళ్లజోడు పిల్ల చెప్పిన థాంక్స్ గుర్తొచ్చింది.

"వాళ్లు చెప్పమంటే చెబుతాను మేడమ్. వాళ్లు చెప్పమనకుండా చెప్పను."

"అయితే ఇది ఒక్క ఫిర్యాదు, ఒక్క చొక్కా. సాయంత్రం నాలుగు దాకా చూస్తాం. ఎవరూ రాకపోతే మూసేస్తాం."

"పోనీ, తనిఖీ బయట పెట్టించండి మేడమ్. తలుపు తీసి ఉంచమనడానికి కూడా రుజువు కావాలా?"

"ఒక్క ఫిర్యాదుకి పద్ధతులు మార్చలేమమ్మా" అంది తల ఎత్తకుండా. ఆమె అప్పటికే రాసుకుంటోంది.

గదికి తిరిగి వచ్చాను. నిచ్చెన పెట్టె సర్దుకోవడానికి హాస్టల్‌కి వెళ్లింది. ఊరికే కూర్చోలేక కొత్త చొక్కా ఒకటి తీసి మొదటి గుండీ కుట్టాను. రెండో గుండీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. మామూలు దారమైతే గుండీ ఊడుతుంది, గట్టి దారమైతే గుడ్డ చిరుగుతుంది. ఏ దారంతో కుట్టను? ఎవరికోసం కుట్టను? ఆ గుండీ వేళ్ల మధ్య పట్టుకుని భోరుమని ఏడ్చాను. ఏం చేయాలో తోచక తమ్ముడు ఇస్త్రీ అయిన చొక్కానే మళ్లీ మళ్లీ ఇస్త్రీ చేశాడు.

మధ్యాహ్నం నుంచి అయిదుసార్లు కొక్కేల వంక చూశాను. పన్నెండూ ఖాళీ. కమిటీలో నేను కుట్టు విప్పిన సంగతి భోజనాల వేళకే హాస్టల్ అంతా పాకిందని తమ్ముడు చెప్పాడు. ఆ మాటా నన్ను ఓదార్చలేదు. తెలిసినా రాలేదంటే ఇక ఎవరూ రారు. మూడున్నర దాటాక కొళాయి దగ్గర ముఖం కడుక్కుని వచ్చాను.

మూడో కొక్కేనికి చొక్కా వేలాడుతోంది.

రెండో గుండీ లేదు. నేను పోగు పోగూ అల్లిన చోట ఎవరో గోళ్లు కత్తిరించుకునే కత్తెరతో కోసేశారు. విప్పడం చేతకాక చుట్టూ నాలుగు గాట్లు పెట్టారు. అతుకు సగం ఊడి వేలాడుతోంది. ఇంకో రోజైతే నా పని ఇలా పాడు చేసినవాళ్లని చీల్చి చెండాడేదాన్ని. చీటీ మీద నంబరు ఉంది. దాని కింద గుండీ అని లేదు.

"కుట్టొద్దు పిన్నీ. నా నంబరు చెప్పండి."

ఆ చొక్కా ముఖానికి అదుముకుని నిలబడిపోయాను. తమ్ముడు ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకి నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, పావుగంటే ఉంది. నడు. నేనూ వస్తాను."

తలుపు దగ్గరికి వేస్తూ ఒకసారి బల్ల వంక చూశాను. నలభై చొక్కాల్లో ఒక్కదానికీ రెండో గుండీ లేదు. వరండా చివర స్తంభం పక్కన కళ్లజోడు పిల్ల నిలబడి ఉంది. కళ్లజోడు తీసి తుడుచుకుంటోంది.

"చొక్కా పంపితే చాలనుకున్నాను పిన్నీ. నేను కూడా రావాలా?"

"రావాలని లేదు తల్లీ. నీ ఇష్టం."

కళ్లజోడు పెట్టుకుంది. నా చేతిలోంచి తన చొక్కా తీసుకుని మాతోపాటు నడిచింది.