చక్రాలు పనికిరాని ఊరు

నేను ఒక చక్రాల సూట్‌కేసును. ఇప్పుడు నన్ను చూస్తే ఆ మాట ఎవరూ నమ్మరు. కడుపు నిలువునా చీలి ఉంది, అందులో ఉల్లిగడ్డలు ఉన్నాయి. గ్రీసు దేశపు ఒక ద్వీపంలో, కాలియోపి అనే ముసలమ్మ వాకిట్లో, సున్నం వేసిన గోడకు ఆనుకుని కూర్చున్నాను. పుట్టింది ఎక్కడ, తేలింది ఎక్కడ అని తలుచుకుంటే నాకే దిమ్మ తిరుగుతుంది.

గట్టి నీలం గుడ్డను మిషన్ల మీద కుట్టి నన్ను తయారు చేశారు. సుల్తాన్ బజార్లో నన్ను అమ్మినాయన నా మీద ఎక్కి నిలబడి, ఇది విరగదు, చిరగదు అని ఒట్టు వేశాడు. మొదట నన్ను కొన్నది పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్. నాలో వైర్లు, లైట్లు కుక్కి, నా మీద కూర్చుని మరీ జిప్పు వేసేవాడు. తనకు కొత్త పెట్టె రాగానే ఔదార్యం పుట్టి నన్ను అక్క ఆండాళుకు ఇచ్చేశాడు. పనికిరానివి దానం చేసినప్పుడు మనుషుల ముఖంలో వచ్చే వెలుగు చూసి తీరాలి.

ఆండాళు సోషల్ టీచరుగా రిటైరైంది. ఏళ్ళ తరబడి పిల్లలకు పాఠ్యపుస్తకంలో గ్రీకు స్తంభాల బొమ్మ చూపించింది గాని, తాను సముద్రాన్ని కూడా సరిగ్గా చూసింది లేదు. ఈసారి చూసే తీరాలని పట్టుబట్టింది. ఆమెకు ఉబ్బసం. భర్త భద్రయ్య పేరుకు తగ్గవాడు. విదేశాల్లో చేతిసంచులు లాక్కుపోతారని ఎవరో చెప్పగా విని, పడవలో ఆమె పీల్చుకున్న ఇన్‌హేలర్‌ను తీసుకుని నా నడిమధ్యలో, చీరల మడతల్లో దాచి, జిప్పుకు తాళం వేశాడు. ఈ ఊరు చూడబోయేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: బట్టలు పోతే పోనివ్వండి, మందు మాత్రం ఒంటిమీదే ఉంచుకోండి.

పడవ దిగగానే నా గుండె ఆగినంత పనైంది. ఆటో లేదు, కారు లేదు, అసలు రోడ్డే లేదు. కొండ మీదికి మెట్లు, మెట్ల మీద మెట్లు. పాతకాలం నుంచి ఈ ఊళ్ళో బరువులు మోసేవి గాడిదలేనట. రేవులో అవి వరుసగా నిలబడి ఉన్నాయి. గాడిదను మాట్లాడదామని ఆండాళు అంటే, చక్రాలున్న పెట్టెకు గాడిదెందుకని భద్రయ్య నవ్వాడు. ఎండ నడినెత్తిన ఉంది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. మధ్యాహ్నం ఈ ఊరు పడుకుంటుంది, అప్పుడు తలుపు తట్టడం పెద్ద తప్పట.

తరతరాల కాళ్ళకు నున్నబడ్డ రాళ్ళవి. సగం దారిలో నా చక్రం ఒకటి ఊడి, దొర్లుకుంటూ కింద మెట్ల మీద పడుకున్న పిల్లుల మధ్యకు పోయింది. మరుక్షణం నేను రాతి అంచుకు కొట్టుకున్నాను. తాళం వంగిపోయింది. అప్పుడే ఆండాళు మెట్టు మీద కూలబడింది. ఆమె ఊపిరి ఈల వేస్తోంది.

భద్రయ్య తాళంచెవి పెట్టి తిప్పాడు. తిరగలేదు. జిప్పును గోళ్ళతో లాగాడు, పళ్ళతో లాగాడు. విరగదు, చిరగదు అన్న ఆ ఒట్టు ఆ క్షణాన నిజమై కూర్చుంది. మందు నా కడుపులో ఉంది, మనిషి నా పక్కనే ఉంది, నాకు నోరు లేదు. ఆండాళు పెదవులు నల్లబడుతుంటే చూస్తూ పడి ఉన్నాను.

అతను పరుగెత్తి ఒక తలుపు బాదాడు. బనీనుతో ఒకాయన తెరిచాడు. కత్తి కావాలని భద్రయ్య చేత్తో కోసి చూపించాడు. ఆయన “నే, నే” అంటూ లోపలికి తిరిగాడు. హైదరాబాదు చెవికి అది ‘నై, నై’, లేదు పొమ్మని వినబడింది. భద్రయ్య ఇంకో తలుపు బాదాడు. అక్కడా “నే, నే.” కాలియోపి ముసలమ్మ తలుపు దగ్గరా అదే మాట. అతను ఒట్టి చేతులతో తిరిగొచ్చి ఆమె ముందు కూలబడ్డాడు.

“అందరు నై అంటున్నరే. మనుషులేనా వీళ్లు?”

నేనూ అదే అనుకున్నాను. ఇంత అందమైన ఊరికి ఇంత రాతిగుండె ఏమిటని నివ్వెరపోయాను.

అంతలో తలుపులు ఒక్కొక్కటే మళ్ళీ తెరుచుకున్నాయి. చేపలు కోసే పెద్ద కత్తి పట్టుకుని ముసలమ్మ వట్టికాళ్ళతో దూసుకొచ్చింది. వెనకే బనీనాయన పటకారుతో, ఇంకొకావిడ కత్తెరతో. నిద్ర చెడగొట్టినందుకు ఊరంతా చంపడానికి వస్తోందనుకున్నాడు భద్రయ్య. పారిపోలేదు. రెండు చేతులూ చాపి భార్యకు అడ్డంగా నిలబడ్డాడు.

“నన్ను పొడువు. ఆమెను ముట్టకు.”

కాలియోపి అతన్ని మోచేత్తో పక్కకు నెట్టి, కత్తిని నా కడుపులో దించింది. దించి, నిలువునా చీల్చింది. దెబ్బకు అదిరిపోయాను గాని, నిజం చెబుతున్నాను, అంత సంతోషం నాకు ఎన్నడూ కలగలేదు. చీరలు మెట్ల మీద పరుచుకున్నాయి. ఇన్‌హేలర్ ఆండాళు చేతికి అందింది.

ఈ దేశంలో ‘నే’ అంటే అవును అని. ఇస్తాం, ఉండు అని ప్రతి గడపా చెప్పిందన్నమాట. ఆ సాయంత్రం హోటలావిడ చెబితే గాని భద్రయ్యకు తెలియలేదు.

మెట్ల మీద ఆండాళు ఊపిరి మెల్లగా దారిన పడింది. ముసలమ్మ కొంగులాంటి తన అంగీ అంచుతో ఆమె ముఖం తుడిచి, గడ్డం పట్టుకుని అడిగింది: “కలా?”

బాగున్నావా అని వాళ్ళ భాషలో. ఆండాళుకు ఆ సంగతి తెలియదు. ఆమె చుట్టూ చూసింది. కింద నీలంగా సముద్రం. కత్తులు, కత్తెరలు పట్టుకుని నిద్రకళ్ళతో నిలబడ్డ ముక్కూ ముఖం తెలియని జనం. ఇంకా చేతులు దించని భర్త.

“కల గాదమ్మా,” అంది. “నిజమే.”