సూది డాక్టరు

ఆయన ముప్పై ఏళ్లు పశువుల డాక్టరుగా పనిచేశాడు. వైద్యం చేసేది గొడ్లకే అయినా వీధిలో పిల్లలు ఆయన కనబడితే చేతులు వెనక్కి దాచుకునేవారు. అందరూ సూది డాక్టరనే పిలిచేవారు.

ఆయన కూతురు పక్షుల ప్రయోగశాలలో పనిచేసేది. రెండేళ్లుగా రాబందులు ఎందుకు చనిపోతున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు. ఒకరోజు చచ్చిన గొడ్ల తోళ్లు ఒలిచే ముసలాయన ఒక రాబందును గోనెసంచిలో తెచ్చిచ్చాడు.

"మూణ్ణాళ్లుగా మెడ వేలాడేసుకుని కూర్చుందమ్మా. పొద్దున చూస్తే పడిపోయుంది."

కోసి చూస్తే మూత్రపిండాల మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర ఉంది. పురుగుమందు కోసం పరీక్షించారు, లేదు. అంటురోగమేమో అని చూశారు, కాదు. ఎనిమిది నెలల తర్వాత ఫలితం వచ్చింది. వాటిని చంపుతున్నది గొడ్లకు నొప్పి తగ్గడానికి వేసే మందు. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తిన్న రాబందు వారం తిరక్కుండా చనిపోతుంది.

కాగితం మీద ఉన్న ఆ మందు పేరు ఆమెకు కొత్తది కాదు. చిన్నప్పుడు తండ్రి వెంట పాకల్లో తిరుగుతూ ఆ మందు పెట్టె మోసింది తనే.

"తెలిసిందా?" అని తండ్రి రోజూ అడిగేవాడు. ఆమె రెండు రోజులు మాట దాటేసింది. మూడో రోజు ఆయన చదువుతున్న పేపరు పక్కన పెట్టాడు.

"నీకు అబద్ధం చెప్పడం చేతకాదు. చెప్పు."

చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"ఎంత మందు చాలు?"

"చాలా కొంచెం నాన్నా. ఒక్క కళేబరం చాలు, గుంపు మొత్తానికి."

"ఇక బతకదని తెలిసిన గొడ్డుక్కూడా వేసేవాణ్ణే. కనీసం బాధ లేకుండా పోతుందని."

"నీకు తెలీదు కదా."

"తెలీదు. కానీ వేసింది నేనేగా."

మర్నాటి నుంచి ఆయన ఇంటింటికీ తిరిగాడు. పక్షులకు హాని చెయ్యని మందు వేరే ఉందని, గుణం కనబడ్డానికి కాస్త ఆలస్యమవుతుందని చెప్పాడు. పాలమ్మే ఆవిడ నిలదీసింది.

"అలవాటు చేసింది మీరే కదా డాక్టరుగారూ. నా గేదె మూలుగుతుంటే చూస్తూ కూర్చోమంటారా?"

ఆయన పక్కింటి తలుపు తట్టాడు. కొందరు విన్నారు. దుకాణాల్లో పాత మందు అమ్ముతూనే ఉన్నారు.

కొండ చరియ మీద ఆఖరి జంట ఒకటి ఉండేది. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. వాటిలో ఆడది జబ్బుపడి ప్రయోగశాలకు వచ్చింది. సూది డాక్టరు దాని పక్కనే నేల మీద కూర్చుని, రెక్క కింద నరం వెతికి సెలైన్ ఎక్కించాడు. నాలుగో రోజు మధ్యాహ్నం అది కన్నుమూసింది. మగది ఆ వానాకాలం వరకూ గూటి మీద కనబడింది. తర్వాత లేదు.

ఆ మందును నిషేధించారని కూతురు ఒక సాయంత్రం వచ్చి చెప్పింది. దూరాన ఎక్కడో నలభై రాబందులను పంజరాల్లో పెంచుతున్నారని, ఎప్పటికైనా వదులుతారని కూడా చెప్పింది.

"ఇక్కడికి వస్తాయా?"

"మన కాలంలో రావు నాన్నా."

ఆయన తలూపాడు. "సరే. పొద్దుట్నించీ తిన్నట్టు లేవు. వెళ్లి భోంచెయ్యి" అన్నాడు.