ఎజ్రా వేసిన ముడులు

ఇంకా రెండు గంటలుంది పొద్దు గుంకి పండుగ మొదలవడానికి, ఎజ్రా ఉంటే ఈపాటికి పందిరి మీద ఖర్జూరమట్టలన్నీ పరిచేసి, ఏమే సిమ్హా, కుబ్బె పులుసు ఉడికిందా అని బాల్కనీలోంచి కేకేసేవాడు, ఉడక్కపోతే వాసన ఎలా వస్తోందయ్యా అని తనూ గదమాయించేది, ఇప్పుడు అతను లేడు, అతను కట్టిన పందిరి ఉంది, పోయినేడు పర్ణశాలల పండుగ అయిన మర్నాడు విప్పుదామంటూనే పోయాడు, దాన్ని విప్పడానికి ఆమెకు చేతులు రాలేదు, ఆమధ్య ఎదురింటి త్సియోనా బట్టలారేస్తూ, పండుగైపోయి ఆర్నెల్లయింది వదినా, ఇంకా ఎవరికోసం ఆ పందిరి అని ఎత్తిపొడిచింది కూడా, దానికేం తెలుసు.

మట్టల ఆకులు రాలిపోయాయి, నీడకంటే ఎండే ఎక్కువ పడుతోంది, అలాంటి పందిరి పండుగకు చెల్లదు, ఆమెకు తెలియనిదా, ఐగుప్తునుంచి బయటపడి నలభై ఏళ్ళు ఎడారిలో తిరిగిన మనవాళ్ళు దిగినచోటల్లా కట్టుకుని, లేచినప్పుడల్లా విప్పుకున్నారు అనేవాడు ఎజ్రా, మేకులు కొట్టేయరాదూ, ఏటేటా ఈ తాళ్ళ గొడవేమిటి అని తను సణిగితే, మేకు కొడితే అది ఇల్లైపోతుందే పిచ్చిదానా అని నవ్వేవాడు, ఆ నవ్వు ఎంత బాగుండేది.

కూతురు ఓర్లీ పచ్చి ఖర్జూరమట్టలు మోసుకొచ్చింది, కత్తెర తీసింది, ముడులు బిగుసుకుపోయాయమ్మా, కోసేస్తా, వద్దే, ముట్టుకోకు, అవి నాన్న వేసినవి, అయితే నాన్న ముడులు చూసుకుంటూ కూర్చో, ఈ ఏడు మనకు పండుగ లేదనుకుంటా, పొద్దు గుంకి పండుగ మొదలైతే ముడి వేయకూడదని తెలుసుగా, ఆ మాట చురుక్కుమంది, సిమ్హా కుర్చీ ఎక్కింది, ఫోర్కు మొనతో మొదటి ముడి వదులు చేసింది, అతని చేతులే విడిపోతున్నట్టనిపించింది, ఏడుస్తూనే ఒక్కొక్కటీ విప్పింది.

కొత్త మట్ట పెట్టి తాడు తిప్పింది, జారింది, మళ్ళీ జారింది, అతనెలా వేసేవాడో, ఆలోచించేలోపే నోటినుంచి మాట వచ్చేసింది, ఓర్లీ, ఇక్కడ వేలు పెట్టు, గట్టిగా నొక్కు, నేను లాగగానే తియ్, అచ్చం అతని మాటలే, నలభై ఒక్క ఏళ్ళు పిండి చేతులతో ఉన్నదాన్ని వంటింట్లోంచి పిలిచి, నీ వేలు లేనిదే ముడి పడదే అనేవాడు, పెళ్ళాం వేలు లేకపోతే తాడు కూడా కట్టలేవా అని తను విసుక్కుంటూనే వెళ్ళేది, నిన్న త్సియోనా మొగుడు ఒక్కడే కట్టేసుకున్నాడు వాళ్ళ పందిరి, ఎవరి వేలూ అడగలేదు, ముడులన్నీ బాగానే పడ్డాయి, ఓర్లీ వేలు తీసింది, తాడు బిగిసింది, కుర్చీ మీద నిలబడ్డ సిమ్హాకు ఇన్నాళ్ళకు తెలిసింది, ఎజ్రా ఏటేటా పందిరి విప్పేది మళ్ళీ ఏడు పెళ్ళాం వేలు అడగడానికే.