సెట్‌కి రెండో సాక్షి

"సెట్ నాకే ఇచ్చారోయ్" అని ఆఫీసు నుంచి ఫోన్ చేసినప్పుడు మా ఆవిడ పక్కన మిక్సీ తిరుగుతోంది. ఆమె చెవిన పడింది "సీట్" అని. అంటే మా సంపాదకుడి సీటు. మిక్సీ ఆగేలోపు ఆ కబురు పై వాటాలో ఉండే ఆమె తమ్ముడికి చేరింది. నాకే చేరలేదు. ఆ తర్వాత పది రోజులూ బామ్మర్ది నన్ను చూడగానే లేచి నిలబడుతుంటే, లోకానికి ఇన్నాళ్లకి క్రియాపదాల మీద గౌరవం కలిగిందనుకున్నాను.

మాది నిఘంటువు ఆఫీసు. తెలుగువాళ్ల నోట్లో నలిగే ఇంగ్లీషు మాటలకి అర్థాలు రాస్తాం. 'సెట్' సామాన్యమైన క్రియ కాదు. అలారం సెట్ చేస్తాం, జుట్టు సెట్ చేస్తాం, ఎవడైనా ఎక్కువ మాట్లాడితే వాణ్ణీ సెట్ చేస్తాం. అలా ఇరవై తొమ్మిది అర్థాలు తేల్చాను. ముప్పయ్యోది 'నప్పడం'. అదే కొరకరాని కొయ్యయింది.

మా దగ్గర ప్రతి అర్థానికీ ఇద్దరు సాక్షులుండాలి. మనం వాళ్ల మాట చీటీ మీద రాసుకుంటున్నామని తెలియకుండా, మనం అడగకుండా, వాళ్లంతట వాళ్లు ఆ మాట అనాలి. మొదటి సాక్షి దొరికాడు. మంగలి నన్ను అద్దంలో చూసి, ఈ మీసం మీకు సెట్ అవ్వలేదన్నాడు. రెండోవాడి కోసం దర్జీ దగ్గర తొమ్మిది చొక్కాలు తొడిగి విప్పాను. అతను బాగుందంటాడు, బిగుతుగా ఉందంటాడు, ఆ మాట తప్ప అన్నీ అంటాడు. ఓపిక చచ్చి, "సెట్ అయిందా?" అని నేనే అడిగేశాను. అయిందన్నాడు.

సంపాదకుడు ఆ చీటీ చింపేశారు. "సాక్షి నోట్లో మాట నువ్వే కుక్కావయ్యా." నా చిరునవ్వు చిరిగిన నవ్వయింది. శుక్రవారం ఐదింటిలోగా రెండో సాక్షి రాకపోతే, 'సెట్' చీటీలున్న నా సొరుగు మొత్తం పక్క బల్ల ఫుల్‌స్టాప్‌కి వెళ్తుందన్నారు. ఎవరి వాక్యమైనా మధ్యలో ఆపేస్తాడు కాబట్టి ఆయనకా పేరు. ఆయన అప్పుడే నా సొరుగు తాళం పడుతుందో లేదో తిప్పి చూసుకున్నాడు.

శుక్రవారం నాలుగున్నరకి మా ఆవిడ, బామ్మర్ది ఆఫీసులోకొచ్చారు. ఆమె చేతిలో తను కుట్టిన దిండు. సంపాదకుడు ఏదో పుస్తకం కోసం లేచారు. ఆమె నేరుగా వెళ్లి ఆయన కుర్చీలో దిండు వేసి, రెండు చేతులతో సర్దింది.

"రా బావా, కూర్చో. ఫొటో తీస్తా" అన్నాడు బామ్మర్ది.

సంపాదకుడు పుస్తకంతో అలాగే నిలబడిపోయారు. నాకిచ్చింది సీటు కాదు, సెట్ అనే మాట మాత్రమే అని చెమటలు కక్కుతూ చెప్పాను. మా ఆవిడ కుర్చీని చూసింది. నన్ను చూసింది. మళ్లీ కుర్చీని చూసింది.

"పోనీలెండి. ఆ కుర్చీ మీకెలాగూ సెట్ అవ్వదు."

ఆఫీసులో పెన్సిళ్లన్నీ ఒక్కసారే లేచాయి. నా చీటీ పూర్తయ్యేలోపు ఫుల్‌స్టాప్ అడ్డొచ్చాడు. సొంత పెళ్లాం సాక్ష్యం చెల్లదట.

"మొగుడికి ఏది నప్పదో పెళ్లాం చెప్తే, దాన్ని మించిన సాక్ష్యం లేదు" అని సంపాదకుడు ముద్ర కొట్టారు. తర్వాత అందరివైపూ తిరిగి, మా ఆవిడ తప్పు మరీ తప్పు కాదని విడమరిచారు. ఇంగ్లీషులో సెట్ మొదటి అర్థం కూర్చోబెట్టడమేనట. సీటూ అదే వంశమట.

"విన్నావా అక్కా, నువ్వు విన్నది దాని చుట్టాన్ని" అన్నాడు బామ్మర్ది.