చప్పుడు లేని అడుగులు

లెక్కలక్కకు ముప్పై ఎనిమిదేళ్లు. ఆఫీసు నుంచి రాగానే ముందు తన టిఫిన్ డబ్బా తోముకుంటుంది. ఆ ఇంట్లో ఇంకెవరి కంటికీ ఆ డబ్బా ఆనదు.

ఆమె పని మందుల గోదాములో. వచ్చే వారం ఎన్ని పెట్టెలు కట్టాలో, అందుకు ఎవరెవరు సరిపోతారో ముందే చెప్పే ప్రోగ్రాం ఆమే తయారుచేసింది. లెక్కలక్క అన్న పేరు అలా వచ్చింది. ప్రోగ్రాం ఎవరినైనా అక్కర్లేదనుకుంటే ఆ మనిషి అడుగుల చప్పుడు ఆగిపోతుంది. సిమెంటు గచ్చు మీద బూట్లతో నడిచినా దూది మీద నడిచినట్టే. సోమవారం గేటు దగ్గర వాళ్ల పేరు పిలవరు. ఇందులో వింతేమీ లేదన్నట్టు ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. కాకపోతే పెట్టెలు కట్టే హాల్లో ఆడవాళ్లు ఈమధ్య కాస్త గట్టిగా అడుగులేస్తున్నారు.

ఆ సాయంత్రం డబ్బా తోమి బోర్లించేసరికి వెనకాలే ఆడపడుచు నిలబడి ఉంది. ఆమె కూడా అదే గోదాములో పెట్టెలు కడుతుంది. కొట్టే మొగుణ్ణి వదిలేసి, కూతుర్ని వెంటబెట్టుకుని అన్న పంచన చేరింది.

"ఎప్పుడొచ్చావే?"

"ఇప్పుడే. దొంగని చూసినట్టు చూస్తావేం వదినా? వినపడలేదా?"

"కుళాయి చప్పుడు కదా."

"కుళాయి కట్టేసే ఉంది."

ఆడపడుచు వంటింట్లో అటూ ఇటూ నడిచింది. తర్వాత కాలు ఎత్తి గట్టిగా వేసింది. ఏమీ వినపడలేదు.

"జీతం లేకపోతే అన్నయ్య నన్ను మళ్లీ అక్కడికే పంపేస్తాడు," అంది.

"పంపనిస్తానా?"

"నిన్నెవరు అడుగుతారు వదినా ఈ ఇంట్లో?"

శుక్రవారం పొద్దున్నే లెక్కలక్క ప్రోగ్రాం విప్పి చూసింది. పెట్టె మీది చీటీని స్కాన్ చేస్తే అది ఎవరు కట్టారో నమోదవుతుంది. ఒకే పెట్టె రెండోసారి స్కానయితే పొరపాటనుకుని, సమాచారం శుభ్రం చేసేటప్పుడు తనే తీసేసింది. ఇప్పుడు చూస్తే ఆ రెండో స్కాన్లన్నీ ఆడవాళ్లవి. మగవాళ్లు గబగబా కట్టి పడేసిన పెట్టెలు విప్పి, పిల్లల మందు బదులు పెద్దల మందు పడ్డచోట మార్చి, మళ్లీ కడుతున్నది వాళ్లే. చురుకైనవాళ్లన్న పేరు మగవాళ్లకి పోయింది. తప్పు దిద్దిన సమయం ఆడవాళ్లు ఊరికే కూర్చున్న సమయం కింద పడింది. ఇళ్లలో జరిగేదే ఇక్కడా జరిగింది. ఇక్కడ చేసింది తన చెయ్యి.

మేనేజరుకి చెప్పింది.

"ఖర్చు తగ్గిందని పైవాళ్లకి చూపించేశానమ్మా. దాన్ని ముట్టుకోకండి. మీ ఆడపడుచు హాల్లోనే ఉందటగా, అదా మీ బాధ?"

ఆమె తలూపి బయటికొచ్చింది. వరండా సగం దాటాక ఆగిపోయింది. తన అడుగులు తనకే వినపడటం లేదు. చెప్పు నేలకేసి కొట్టింది. లేదు. తన పేరు కూడా ప్రోగ్రాంలో ఎక్కించారన్నమాట.

బతిమాలుకుందామని వెనక్కి వెళ్లింది. మేనేజరు గుమ్మానికి వీపు పెట్టి ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆమె లోపలికి వచ్చిన చప్పుడు అతనికి వినపడలేదు.

"ఆడవాళ్లని మనం తీస్తే యూనియన్ గొడవ చేస్తుంది. లెక్క తీసేసిందంటే ఎవరిని అడుగుతారు? ఆ లెక్కలావిడా? ఆవిడకి సగం తెలిసిపోయింది, అందుకే ముందు ఆవిణ్ణే పంపేస్తున్నా. భయస్తురాలు, నోరెత్తదు."

నిజమే, భయస్తురాలే. తన బల్ల దగ్గరికి ఎవరికీ వినపడకుండా వచ్చి, తీసేసిన స్కాన్లన్నీ తిరిగి పెడుతూ, గుమ్మం వైపు చూసుకుంటూ రెండుసార్లు తప్పు కొట్టింది. ఆ స్కాన్ల వివరాలు యూనియన్‌కి కూడా పంపింది. శుక్రవారం లెక్క ఎవరూ చూడకుండానే గేటుకు వెళ్తుంది. ప్రోగ్రాంని అంతలా నమ్మొచ్చని పైవాళ్లకు చెప్పింది కూడా ఆమే. అందులోంచి తన పేరు మాత్రం తీయలేకపోయింది; ఆఫీసువాళ్ల పేర్లు మార్చే పాస్‌వర్డ్ మేనేజరు దగ్గరే ఉంది.

డ్యూటీ మారే వేళకి కింద హాల్లోంచి టపటపా అడుగులు వినిపించాయి.

సోమవారం గేటు దగ్గర ఆడపడుచు పేరు పిలిచారు. లెక్కలక్క పేరు పిలవలేదు.

తర్వాత ఆమె యూనియన్ ఆఫీసులో పనికి చేరి, ఇలాంటి ప్రోగ్రాంలే నడిపే మరో నాలుగు గోదాముల మీద కేసులు వేయించింది.